గంగామణక్క అన్నం డబ్బా

మార్చి 6, గురువారం

పదో తరగతి పరీక్షల తరువాత నేను ఇంత పొడుగు ఏదీ రాయలేదు. చర్చి సంఘంలో ప్రార్థన మనవుల చీటీలు, కిరాణా దుకాణానికి సరుకుల చీటీలు, అంతే. ఈ పుస్తకం ఎరువుల దుకాణం వాళ్లు మా ఆయనకు ఊరికే ఇచ్చింది. రెండేళ్ల కిందటిది. తేదీలు కొట్టేసి పైన నావి వేసుకుంటున్నాను.

నోటితో చెప్పుకోలేక రాస్తున్నాను. నా గొంతు చిన్నది. స్త్రీల కూడికలో నా వంతు వచ్చి ప్రార్థన చేస్తే, నేను ముగించకముందే అందరూ ఆమెన్ అనేస్తారు. అయిపోయిందనుకుంటారు. ఈ సంగతి ఆయనకు చెబితే ముందు నవ్వుతాడు, తరువాత కోపంతో నేను పని చేసే హోటల్ మీదికి పోతాడు. రెండూ నాకు వద్దు. పాస్టరమ్మగారికి చెబితే ఆదివారానికల్లా సంఘమంతా తెలుస్తుంది.

ఈరోజు డబ్బాలన్నీ ఇచ్చి వచ్చాక లింబాద్రి నన్ను గిన్నెలు కడిగే చోటికి పిలిచాడు. హోటల్ అతనిదే అయినా నన్ను అక్కా అనే పిలుస్తాడు. మాట మొదలుపెట్టడానికి నల్లా రెండుసార్లు తిప్పి కట్టేశాడు.

"అక్కా, ఒకటడుగుత, ఏమనుకోకు. అన్నం డబ్బాల మీద ఏమన్న సదువుతవా?"

"సదువుడేంది సేటూ?"

"గోనె సంచుల గంగామణక్క ఫోన్ జేసింది. నిన్న ఆమె దుకాణం ముంగట సైకిలాపి, డబ్బా మీద చెయ్యి పెట్టి, కండ్లు మూసి ఏందో గునిగినవంట. తిన్నకాంచి కడుపునొప్పంట ఆమెకు. అన్నం మీద మంత్రం పెట్టిందని గల్లంత చెప్తున్నది."

నా చేతిలో ఖాళీ మజ్జిగ సీసాలున్నాయి. వాటిని ఒక్కొక్కటే కింద పెట్టాను. ఆమె ఇంకో మాట కూడా అందట. అది ఈ కాగితం మీద రాయను.

నేను కళ్లు మూసుకున్నది నిజమే. ప్రతి డబ్బా మీదా చేయి పెట్టి ఒక మాట చెప్పుకోవడం నాకు మొదటి రోజు నుంచీ ఉంది. ఎవరూ చూడలేదనుకున్నాను. నిన్న కళ్లు తెరిచేసరికి గంగామణక్క ఆకు నములుతూ ఎదురుగా నిలబడి ఉంది.

"ఏం సదువుతున్నవే అన్నం మీద?"

"ఏం లేదక్కా" అన్నాను.

తప్పు అక్కడ జరిగింది. ప్రార్థన చేస్తున్నానంటే అయిపోయేది. సిగ్గుపడి ఏం లేదన్నాను. ఏమీ లేకపోతే పెదవులు ఎందుకు కదిలాయని ఆమె అనుకోదా? నిన్న భస్మ బుధవారం. నలభై రోజుల ఉపవాసం మొదలైన రోజే, యేసు ఎవరో ఎరగనని బొంకిన పేతురు పనే చేశాను. పేతురుకు కోడి కూసింది. నాకు లారీ హారన్ మోగింది.

మార్చి 7, శుక్రవారం

ఈ పని పోకూడదు. ఇది రాసి పెట్టుకోవాలి. పని పోతే పొయ్యి ఆగదు, నిజాంబాద్ నుంచి మా అమ్మాయి స్వర్ణ నెలనెలా డబ్బు పంపుతుంది. అయినా ఈ పని నాకు కావాలి. ఎందుకో ఆయనతో కూడా సరిగ్గా చెప్పలేను.

జనవరిలో పసుపు పంట రావడం మొదలయ్యాక మార్కెట్ దారి నిండా లారీలు, ట్రాక్టర్లు నిలిచిపోయాయి. దుకాణాలకు భోజనం మోటార్ సైకిల్ మీద తీసుకుపోయే శేఖర్ వాటి మధ్య ఇరుక్కునేవాడు. పన్నెండున్నరకు బయలుదేరిన అన్నం రెండున్నరకు చల్లారి చేరేది. అప్పుడు నేను హోటల్లో కూరగాయలు కోసేదాన్ని. లింబాద్రి తల పట్టుకుని కూర్చుంటే, "మా స్వర్ణ సైకిలున్నది సేటూ, నేను పోత" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. సైకిల్ తొక్కడం హాస్టల్లో ఉన్నప్పుడు సిస్టరమ్మ నేర్పింది. పెళ్లయ్యాక ఎక్కలేదు.

ఆయన విని పడీ పడీ నవ్వాడు. "యాభై ఏండ్లకు సైకిలెక్కుతవా? నాకు ముందే నడుము లేదు. నువ్వు సుత పడ్డవనుకో, ఎవల నడుముకు ఎవలు నూనె రాయాలె?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే తనే బ్రేకులు బిగించాడు. వెనక క్యారియర్ మీద నీలం ట్రే పెట్టి పాత ట్యూబు ముక్కలతో కట్టాడు. చాయ ఫ్లాస్కు హ్యాండిల్‌కు తగిలించాడు. మజ్జిగ సీసాలకు తడిపిన గోనె గుడ్డ చుట్టమని కూడా ఆయనే చెప్పాడు. మస్కట్‌లో క్యాంపు మెస్సులో పదిహేడేళ్లు వండిన మనిషి, ఏది ఎట్లా చల్లగా ఉంటుందో తెలుసు.

లారీకీ లారీకీ మధ్య మోటార్ సైకిల్ పట్టదు. నా సైకిల్ పడుతుంది. పట్టని చోట దిగి పక్కకు వంచి నడిపిస్తాను. చౌరస్తా దాటాక చిన్న పల్లం ఉంది. అక్కడ తొక్కక్కర్లేదు. ముఖానికి గాలి తగులుతుంది, చీరంతా పసుపు దుమ్ము. ఉపవాసం ఉన్న మనిషిని, వెనక ట్రేలో బిర్యానీ వాసన. అయినా ఆ పల్లంలో నాకు ఆకలి ఉండదు.

ఇది పాపమేమీ కాదు కదా.

మార్చి 8, శనివారం

గంగామణక్క మీద నాకు కోపం లేదు.

మార్చి 10, సోమవారం

గంగామణక్క దుకాణం నుంచి ఆర్డర్ లేదు. కాంటా దగ్గర బస్తాలు తూచే గంగాప్రసాద్‌కు రోజూ రెండు చాయలు, ఒక భోజనం. ఈరోజు చేయి అడ్డం పెట్టాడు.

"వద్దక్కా. ఇయ్యాల ఇంటికాడికెల్లే తెచ్చుకున్న."

అతని దగ్గర డబ్బా ఏదీ కనిపించలేదు. ఆ వరుసలో ఇంకో మూడు దుకాణాలవాళ్లు శేఖర్‌నే పంపమన్నారు. శేఖర్ పోయాడు, ఎప్పటిలాగే ఇరుక్కున్నాడు. వాళ్లు మూడింటికి చల్లటి అన్నం తిన్నారు. అయినా నన్ను రావద్దన్నారు.

"నీ మీద నాకు షక్ లేదక్కా" అన్నాడు లింబాద్రి. "మా పక్కింటోళ్లు సుత చర్చికి పోతరు, నాకు తెల్వదా? గని గిరాకీ పోతుంది. దండం బెడుత, కండ్లు మూయకు, పెదవులు కదపకు. శనారం దాక సూస్త. గట్లనే ఉంటే శేఖరే పోతడు, నువ్వు మల్ల కూరగాయలు కొయ్యి."

సరేనన్నాను. ఇంటికొచ్చి ఆయనకు చెప్పక తప్పలేదు. నేననుకున్నట్లే ముందు నవ్వాడు. కోపం మాత్రం రాలేదు.

"దేవునికి చెవులున్నయి. నీ కండ్లతోని ఆయనకేం పని? తెరిచి చేస్కో."

"తెరిస్తే మనసు నిలవదయ్యా."

"మస్కట్ల రెండువందల మందికి వండిన. ఒక్కసారన్న కండ్లు మూసి పెట్టిన్నా? అందరు బతికే ఉన్నరు."

"ఉప్పెక్కువైందని రోజు తిట్టేటోళ్లని నువ్వే అంటివి కద."

"గది ఉప్పు సంగతి. ప్రార్థన చేస్తె ఉప్పు తగ్గుతదా?" అని కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాడు. నా ఉపవాసం విప్పే వేళ ఆయనకు నాకంటే బాగా గుర్తుంటుంది.

మార్చి 11, మంగళవారం

దుకాణాల ముందు నోరు మెదపలేదు. కళ్లు పెద్దవిగా తెరుచుకుని డబ్బాలిచ్చాను. ఒకాయన "ఏమైందమ్మా, కంట్ల దుమ్ము పడ్డదా?" అని అడిగాడు.

కానీ ఏదో మరచిపోయి వచ్చినట్లుంది. అందుకని తిరిగి వచ్చేటప్పుడు ఒక ఉపాయం తోచింది. ప్రార్థన దారిలోనే చేసుకుంటాను, తొక్కుతూ, కళ్లు తెరిచి. పేరు పేరునా.

మార్చి 12, బుధవారం

దారిలో చేసుకున్నాను. హోటల్ నుంచి చౌరస్తా దాకా చాయల వాళ్లు, చౌరస్తా నుంచి గేటు దాకా భోజనాల వాళ్లు. కాంటా దగ్గరి వాళ్లకు చేస్తుండగా ముందు ట్రాక్టర్ ఆగింది. బ్రేకు వేసి కాలు కింద పెట్టాను, ఒక్క సీసా కూడా ఒలకలేదు. నిజానికి ఇలా బాగానే ఉంది. కళ్లు మూసుకున్నప్పుడు నాకు పేర్లే గుర్తుండేవి. ఇప్పుడు మనుషులు గుర్తొస్తున్నారు.

గంగామణక్క మళ్లీ ఆర్డర్ ఇచ్చింది. సంచులు కుట్టే ఆడవాళ్లు బిస్కెట్లు, అటుకులతో పని చేయలేమన్నారట. నేను పోయేసరికి గడపలో నిలబడి ఉంది.

"డబ్బాలు గడపల పెట్టు. లోపలికి రాకు. నోరు మెదపకు."

పెట్టాను. ఆమె నా పెదవులనే చూస్తూ ఉంది. ఆడవాళ్లు కూడా సంచుల వెనకనుంచి చూశారు. నేను సైకిల్ తిప్పుకునే దాకా ఎవరూ డబ్బాలు ముట్టలేదు.

నాకు కోపం లేదు.

మార్చి 13, గురువారం

ఈరోజు కూడా దారిలోనే అందరికీ చేసుకున్నాను. గంగామణక్క పేరు దగ్గరికి వచ్చేసరికి చైన్ చప్పుడు చేసింది. దాని గురించే ఆలోచిస్తూ పోయాను. గేటు వచ్చేసింది.

చైన్‌కు నూనె పెట్టించాలి.

మార్చి 14, శుక్రవారం

హోళీ. మార్కెట్ సెలవు. గల్లీ పిల్లలు నా మీద రంగు చల్లబోయి ఆగారు. "ఆశమ్మత్తకు ముందే పసుపు పూసిన్రు" అని ఒకడు అరిచాడు. అందరం నవ్వాం. ఆ చీర ఎన్నిసార్లు ఉతికినా అంతే.

మార్చి 15, శనివారం

గంగామణక్క దుకాణం గడపలో ఆమె లేదు. సంచులు కుట్టే భూమవ్వ వచ్చి డబ్బాలు తీసుకుంది.

"అక్క ఏది?"

"దవాఖానకు పోయింది. మొన్న బేస్తారం నాడు పొద్దుగూకేటాల్లకు సంచి కుడుతుంటె దబ్బనం అరచేతిల దిగింది. గింత లోతు. కుడి చెయ్యి. షుగరున్నది కద, బూరోలె వాసింది."

బేస్తారం అంటే గురువారం. మొన్న.

మిగతా డబ్బాలు ఎలా ఇచ్చానో తెలియదు. గంగాప్రసాద్ ఈరోజు చాయ తీసుకున్నాడు, నేను సంతోషించడం కూడా మరచిపోయాను. లింబాద్రి పెట్టిన గడువు ఈరోజే. గిరాకీ ఇంకా సగమే ఉంది. సోమవారం చూద్దామన్నాడు.

చైన్ బాగానే ఉంది. గురువారం కూడా బాగానే ఉంది.

మార్చి 16, ఆదివారం

చర్చికి పోయాను. మోకరించాను. గంగామణక్క పేరు దగ్గరే ఆగిపోయి లేచి వచ్చాను.

మార్చి 17, సోమవారం

పొద్దున ఆయన సైకిల్ తుడుస్తుంటే అడిగాను. "ఒక మనిషి కోసం ప్రార్థన చేయకుంటె ఆ మనిషికి ఏమన్న అయితదా?"

"గట్లయితె మస్కట్ల నా సూపర్‌వైజర్ ఎన్నడో పోవాలె" అన్నాడు. నా ముఖం చూసి నవ్వు ఆపాడు. "ఏమైందే?"

"ఏం లేదు" అన్నాను. అని, నాకే సిగ్గేసింది. మళ్లీ అదే మాట. ఎన్నిసార్లు అంటాను ఆ మాట? అప్పుడే నిర్ణయించుకున్నాను.

గంగామణక్క డబ్బాలు చివరికి ఉంచుకున్నాను. గడపలో పెట్టలేదు. చెప్పులు విడిచి లోపలికి పోయాను. ఆమె సంచుల కట్ట మీద కూర్చుని ఉంది. కుడి చేయి మణికట్టు దాకా తెల్లటి పట్టీ. పక్కన భూమవ్వ, ఇంకొకామె సంచులు కుడుతున్నారు.

"ఏందే, గడపల పెట్టి పొమ్మన్న కద. లోపలికెందుకొచ్చినవ్?"

"అక్కా, ఒక మాట చెప్పాలె."

"గట్టిగ చెప్పు. లారీ పోతున్నది, ఏం ఇనవడ్తలేదు."

"బేస్తారం నాడు మీ డబ్బా మీద నేనేం అనలే!"

నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. కుట్టేవాళ్లిద్దరూ చేతులు ఆపారు.

"నేనే కదనే నోరు మెదపకన్న."

"మీరన్నది గడపల. నేను తొవ్వల చేస్తున్న. అందరి కోసం ప్రార్థన చేసుకుంట వస్తున్న. గారోజు మిమ్మల్ని ఇడిసిపెట్టిన. మర్చిపోయి గాదు, కావాల్నని ఇడిసిపెట్టిన. నాకు కోపమొచ్చింది. గా సాయంత్రమే మీకు దబ్బనం దిగింది."

గంగామణక్క నోట్లో ఆకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మారింది.

"అంటే, నువ్వు సదివిననాడు కడుపునొప్పి, సదవనినాడు దబ్బనం. ఇగ నీతోని నేనెట్ల బత్కాలె చెప్పు?"

భూమవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అక్కా, కడుపునొప్పి లేసిననాడు నువ్వు పొద్దుగూకినంక మిర్చి బజ్జీలు తిన్నవ్. ఏడో ఎనిమిదో."

"నువ్వు మూస్కో భూమవ్వా. నా నోట్లెకు పోయినయన్ని ఎంచినవా?" అని, నా వైపు తిరిగింది. "గీ దబ్బనం నేను అద్దాలు పెట్టుకోక దిగింది. మీ దేవుడు పంపిందేం గాదు. ఆయనకు గంత పని లేక కూసున్నడా? ఇంతకు ఏమంటవ్ నువ్వు? నా ముంగటనే అను. కండ్లు తెరిచి అను."

నేను డబ్బా మీద చేయి పెట్టాను. ఆమె కళ్లలోకి చూస్తూ ప్రార్థన చేయడం ఎంత కష్టమో ఎవరూ చెప్పలేదు నాకు.

"ప్రభువా, గిది తినేటామె కడుపు సల్లగుండాలె. వండినోళ్ల చేతులు సల్లగుండాలె. తెచ్చిన నాకు రేపు గూడ తెచ్చే బలమియ్యి. ఆమెన్."

"గంతేనా?"

"గంతే."

"ఆఖర్ల నీది సుత అడుక్కుంటున్నవ్ కదనే! పన్ల పని!" అని నవ్వింది. నవ్వితే ఆమె పట్టీ కట్టిన చేయి కూడా ఊగింది. "అబ్బ, నొస్తున్నది. నవ్వియ్యకు. గీ మాటకు నేను గన్నిరోజులు అటుకులు నమిలిన. ఆరోజే ఎందుకు చెప్పకపోతివి?"

"సిగ్గయింది."

"సైకిల్ తొక్కితె సిగ్గు గాదు, దేవుణ్ణి అడిగితె సిగ్గయిందా?"

డబ్బా ఆమె ముందుకు జరిపాను.

ఆమె ఎడమ చేత్తో డబ్బా మూత తీసింది. చెంచా పట్టుకుంది. పప్పు చీర మీద పడింది. ఇంకోసారి పడింది. చెంచా పక్కన పడేసి, "కలిపి పెట్టు" అంది.

భూమవ్వ లేవబోయింది. "నేను కలుపుత అక్కా."

"నువ్వు కూసో. ఆమె కలుపుతది."

బయట డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కున్నాను. సబ్బు లేదు, రెండుసార్లు కడుక్కున్నాను. కూర్చుని, ఆమె పళ్లెంలో అన్నం పప్పుతో మెత్తగా కలిపాను. మంత్రం పెట్టిందన్న చేయి ఇదే. ఆమె ఆ చేతినే చూస్తోంది. ఇప్పుడు పెదవులను చూడడం లేదు. "ఇంకింత పప్పు పొయ్యి" అంది. పోశాను. ఎడమ చేత్తో చెంచా పట్టుకుని మెల్లగా తింది. కలిపిన అన్నం చెంచాలో నిలిచింది. సగం తిన్నాక తల ఎత్తింది.

"ఉప్పు జర ఎక్కువైంది. గా లింబాద్రికి ఎన్నిసార్లు చెప్పినా ఇంటలేడు. మీ దేవునికన్న చెప్పు."

తరువాత గుమ్మంలోకి వచ్చి కాంటా వైపు కేకేసింది. "ఓ గంగాప్రసాదూ! మంత్రం లేదు గింత్రం లేదు! మన కడుపులు సల్లగుండాలని అడుగుతున్నదట. గా మూడు దుకాణాలోళ్లకు సుత చెప్పు, చల్లటన్నం తినుడు బంద్ చేయమను!"

మార్చి 18, మంగళవారం

పదిహేడు భోజనాలు, ఇరవై చాయలు, తొమ్మిది మజ్జిగలు. రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. గంగాప్రసాద్ చాయ తీసుకుంటూ నా ముఖం చూడకుండా, "నాకు ముందే తెల్సక్కా" అన్నాడు. సరేలే అన్నాను.

గంగామణక్క డబ్బా మీద గట్టిగా చెప్పాలి. లేకపోతే మూత తీయనివ్వదు. ఈరోజు భూమవ్వ తన మోకాళ్ల పేరు కూడా చేర్పించింది.

మార్చి 27, గురువారం

పట్టీ విప్పారు. ఈరోజు తనే కలుపుకుంది. నేను ఊరికే కాసేపు కూర్చుని వచ్చాను.

ఏప్రిల్ 19, శనివారం

పసుపు అయిపోవచ్చింది. మార్కెట్ దారి ఖాళీ. ఇక మోటార్ సైకిల్ ఎక్కడా ఇరుక్కోదు. పొద్దున్నుంచీ అదే అనుకుంటూ తొక్కాను. చౌరస్తా దాటాక పల్లం దగ్గర వేగం తగ్గించి పోయాను, త్వరగా అయిపోకూడదని.

సాయంత్రం లింబాద్రి సోమవారం ఆర్డర్ చీటీలు నా చేతిలో పెట్టాడు. "శేఖర్‌ను పెర్కిట్ దిక్కు పంపుతున్న. మార్కెట్ నీదే అక్కా. గంగామణక్క ఒప్పుకుంటలేదు, వేరేటోళ్లు వస్తె డబ్బా వాపస్ పంపుత అంటున్నది."

ఆయనకు చెబితే, "అయితె టైర్లు కొత్తయి ఎయ్యాలె" అన్నాడు. అంతే అన్నాడు. తరువాత చాలాసేపు ఏదో పాట ఈల వేశాడు.

ఏప్రిల్ 20, పునరుత్థాన ఆదివారం

తెల్లవారు ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు నా దగ్గరికి వచ్చారు. "ఆశమ్మక్కా, మార్కెట్‌లో ఎవరో ఒకామె నీ ప్రార్థన లేనిదే అన్నం ముట్టదట కదా. ఈరోజు సంఘం ముందు సాక్ష్యం చెప్పు, దేవుడేం చేశాడో. అందరికీ బలంగా ఉంటుంది" అన్నారు. మంచి మనసుతోనే అడిగారు.

లేచి నిలబడ్డాను. చెబితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందరూ హల్లెలూయ అంటారు. ఆ సాక్ష్యంలో గంగామణక్క 'ఒక అన్యురాలు' అవుతుంది, దేవుణ్ణి ఎరగని మనిషి. బజ్జీలు ఉండవు. భూమవ్వ ఉండదు. ఆమె నవ్వు ఉండదు. నేను కోపంతో ఆమె పేరు విడిచిపెట్టిన గురువారం అసలే ఉండదు, ఎందుకంటే అది నేను చెప్పను. ఆమె తిన్నది నేను కలిపిన అన్నం. దానితో ఆమె ఇంకేదీ ఒప్పుకోలేదు. నేను అడగనూ లేదు.

"ఈ నలభై రోజులు ప్రభువు నన్ను సైకిల్ మీద నుంచి పడకుండా కాపాడాడు" అని చెప్పి కూర్చున్నాను. పాస్టరమ్మగారి ముఖం కొంచెం చిన్నబోయింది. ఆయన మాత్రం మగవాళ్ల వైపు నుంచి అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

అసలు సంగతి అంతా ఇందులోనే ఉంది, వేరే ఎక్కడా లేదు. స్వర్ణా, ఈ పుస్తకం ఎప్పుడైనా నీ చేతికి వస్తే, ఎరువుల దుకాణం డైరీ కదా అని కాగితాల వాడికి వేయకు. బీరువాలో నా పసుపు చీర ఉంటుంది, దాని మడతలో పెట్టు. నువ్వు చదవాలనుకుంటే చదువు. సంఘంలో ఎవరికీ చూపించకు, ఎంత మంచివాళ్లయినా సరే. గంగామణక్క నన్ను లోపలికి రానిచ్చింది. నేను ఆమెను బయట పెట్టలేను.